తాళంచెవి లేని చాకు

బుచ్చయ్య ఎవరినీ తిట్టేవాడు కాదు. తిట్టాలంటే ఎదుటివాణ్ని ముందు మనిషి కింద జమ కట్టాలి. అంత మర్యాద ఆయన ఎవరికీ చేయదలచుకోలేదు. ఎవరైనా మాట్లాడుతుంటే తల కొంచెం పక్కకు వంచి, సంతలో మేకపోతు పళ్లు చూసినట్టు వాళ్ల నోటివంక చూసి, "ఊఁ" అనేవాడు. ఆ ఊఁ తిన్నవాళ్లు ఆ మాట మళ్లీ ఎత్తేవాళ్లు కాదు.

పొలాల మీద విమానాలు దిగడం మొదలైనాక శంషాబాద్ చుట్టుపక్కల ఆయన ఊఁకు కావలసినంత మేత దొరికింది. సైకిలు తొక్కడం రాని దాయాది తెల్లకారు కొని, ఇంటి నుంచి చాయ్ హోటలు దాకా దాంట్లోనే పోయేవాడు. నడిస్తే ఈలోపు రెండుసార్లు పోయి రావచ్చు. నిన్నటిదాకా నాగలి పట్టినవాడు ఇంట్లో కూడా నల్లకళ్లద్దాలు తీసేవాడు కాదు. బుచ్చయ్య పొలమూ అట్లాగే విమానాల కిందికి పోయి డబ్బయింది. కొడుకు శివశంకర్ ఎయిర్‌పోర్టు క్యాబుల దగ్గర పనికి కుదిరి, పాత ఊరికి అవతల కాలనీలో మేడ లేపాడు. కింద తాము, పైన కిరాయికి కోస్తా నుంచి వచ్చిన నరసింహమూర్తి. ఈ మూర్తిగారు మెట్లు దిగేటప్పుడు కూడా ఎవరినో క్షమాపణ అడుగుతున్నట్టే దిగుతాడు. బుచ్చయ్య దృష్టిలో అదొక రోగం.

ఆయన తనంతట తాను గౌరవించిన వస్తువులు మూడే. మూడూ ఆయన మొలతాడుకే వేలాడేవి. సందూక తాళంచెవి ఒకటి, ముల్లు గుంజే చిమ్టా ఒకటి, కొమ్ముపిడి వేసిన మడతచాకు ఒకటి. సందూక అంటే పాతకాలం పెట్టె, ఆయన భార్యది. ఆమె పోయింది, కొత్తింట్లోకి మారేటప్పుడు సందూకనూ పాతసామాన్లవాడికి వేశారు. తాళంచెవి మాత్రం మొలతాడు దిగలేదు. చాకు తండ్రి నాటిది. నూరి నూరి దాని అలుగు వేపాకంత సన్నబడింది. పలుపు కోయాలన్నా, మేక గిట్ట చెక్కాలన్నా, బస్తా కుట్టు విప్పాలన్నా ఊళ్లో అందరికీ బుచ్చయ్య నడుమే గుర్తొచ్చేది. ఆయన కోసిపెట్టేవాడే గాని చాకు ఇచ్చేవాడు కాదు. తప్పక ఇచ్చినా చేతికి ఇవ్వడు, నేలమీద పెడతాడు. చాకు చేతికిస్తే ఇద్దరికీ పడదని అందరూ అంటారు. బుచ్చయ్యతో పడకపోవడానికి చాకే అవసరమా అని కూడా అనేవాళ్లు, ఆయన లేనప్పుడు.

రెండువేల పదకొండు వానల్లో ఆయనకు పొత్తికడుపులో పేగు జారింది. శివశంకర్ దవాఖానలో చేర్చాడు. ఆపరేషను ముందు నర్సమ్మ కత్తెరతో మొలతాడు కత్తిరించింది. ఆమెకు అది రోజూ ఉండే పనే. ఇక్కడి మనుషులకు మాత్రం మొలతాడు ఒక్కసారే తెగుతుంది, అదీ నలుగురి భుజాల మీద పోయేముందు. మత్తు దిగి కళ్లు తెరిచిన బుచ్చయ్య చెయ్యి మొదట కట్టు మీదికి పోలేదు, నడుము మీదికి పోయింది. కొడుకును చూసి ఆయన అడిగిన మొదటి మాట, "ఎప్పుడు ఎత్తుతున్రు?"

శివశంకర్ ప్లాస్టిక్ కవరు చేతిలో పెట్టాడు. అందులో తాళంచెవి ఉంది, చిమ్టా ఉంది. చాకు లేదు.

"తుప్పు బట్టింది బాపు. సెప్టిక్ అయితదని పారేసిన."

"ఊఁ" అన్నాడు బుచ్చయ్య.

పంక్చర్ల దుకాణం నడిపే జంగయ్య బుచ్చయ్యకు వరస తమ్ముడు. కొత్త నల్లతాడు తెచ్చి కట్టి బతికినవాళ్లలో కలిపాడు. కాని కుట్లు మానేదాకా నడుముకు ఏ బరువూ వేలాడదీయొద్దని డాక్టరు చెప్పి పంపాడు. అందుకని బుచ్చయ్య ఇక అంగీ జేబులో పట్టే చిన్నచాకు ఒకటి, రింగుకు వేసుకునేది, కొంటానన్నాడు. రింగు దేనికని కొడుకు అడగలేదు. కోడలు సంతోషి కూడా అడగలేదు గాని, ఆమెకు అర్థమైంది.

ఆ రింగు వెనక రెండేళ్ల నాటి కథ ఉంది. గృహప్రవేశం నాడు శివశంకర్ తలుపుకు బిగించిన కొత్తరకం తాళం అందరికీ చూపించాడు. తలుపు లాగితే దానంతట అదే పడుతుంది, బయటి నుంచి చెవి పెడితేనే వస్తుంది. మూడు చెవుల్లో ఒకటి, ఏదో ప్లాట్ల వెంచరు పేరున్న పసుప్పచ్చ ప్లాస్టిక్ బిళ్లకు తగిలించి తండ్రికిచ్చాడు. బుచ్చయ్య దాన్ని ఎలుకను తోక పట్టుకుని ఎత్తినట్టు ఎత్తి చూశాడు. "నా జన్మల నా ఇంటికి నేను చాబీ పెట్టి దూరలే. కుక్క మెడల బిళ్ల లెక్క గిది మీరే కట్టుకోన్రి" అని విసిరేశాడు. అది పీటల మీద కూర్చున్న సంతోషి ఒడిలో పడింది. ముత్తైదువలందరూ చూశారు. సంతోషి తలెత్తలేదు. చెవిని కొంగులో ముడేసుకుంది.

అప్పట్లో ఆ మాటకు నష్టం లేదు, ఇంట్లో ఎవరో ఒకరుండేవారు. ఏడాది తిరక్కుండానే సంతోషి, విమానాల్లో పెట్టే భోజనం ప్యాకింగ్ చేసేచోట పనికి చేరింది. మధ్యాహ్నం పోతే చీకటి పడ్డాకే వస్తుంది. తలుపు లాగి పోతుంది. ఆ పూటంతా మేడ ఉండి కూడా బుచ్చయ్య, టిఫిన్ డబ్బా చంకన పెట్టుకుని జంగయ్య దుకాణంలో టైర్ల మీద కూర్చునేవాడు. ఎవరైనా అడిగితే, "ఇంట్ల ఏముంది, గోడలు. గోడలను చూస్త కూసోవాల్నా?" అనేవాడు. నడుము నిలబడ్డన్నాళ్లు ఆ మాట నిలబడింది. ఆపరేషను అయ్యాక టైరు మీద కూర్చుంటే కుట్లు లాగేవి. ఒక కునుకు తీయడానికి మంచం కావాలి, గంటకోసారి ఒంటికి పోవడానికి చాటు కావాలి. రెండూ తన ఇంట్లోనే ఉన్నాయి, తలుపుకు ఇవతల తనున్నాడు. చెవి ఇమ్మని ఒక్క మాట అంటే అయిపోతుంది. ఆ మాట అంటే, విసిరేసిన మాట తిరిగి నోట్లో వేసుకోవాలి. ఉమ్మినదాన్ని నాకడం బుచ్చయ్యకు పసితనం నుంచీ రాదు.

అందుకే రింగున్న చాకు. రింగు కనబడితే ఎవరో ఒకరికి బుద్ధి పుట్టి, దానికొక చెవి తగిలించకపోతారా అని ఆశ. ఆ ఆశను ఆయన ఆశ అనుకోలేదు, ఇంట్లోవాళ్ల తెలివికి పెట్టిన పరీక్ష అనుకున్నాడు.

చాకు వేట మొదలైంది. బస్టాండు పక్కన సెల్‌ఫోన్ కవర్లు అమ్మే కుర్రాడు గుండెకాయ ఆకారంలో ఉన్న ఎర్రబిళ్ల ఒకటి తీశాడు. నొక్కితే లైటు వెలుగుతుంది, ఇంకోచోట నొక్కితే ఈల వినబడుతుంది, పక్క నుంచి గోరంత రేకు బయటికి వస్తుంది. బుచ్చయ్య దాన్ని వెనక్కీ ముందుకీ తిప్పాడు. "చాకు అడిగితే పెండ్లి బారాతు ఇస్తివేందిరా" అని గాజుబల్ల మీద పెట్టి వచ్చేశాడు.

బుధవారం అంగడిలో కమ్మరి దగ్గర చూశాడు. ఆ చాకు మంచిదే, ఇనుము మోగిన మోత చెప్పింది. కాని జేబులో వేస్తే అంగీ ఒక భుజం కిందికి జారింది. ఇంతకన్నా చిన్నది అడిగితే, కమ్మరి ఆయన్ను పైనుంచి కిందికి చూసి, అంత చిన్నదానితో ఏ పొలంలో పని చేస్తావన్నాడు. బుచ్చయ్య జీవితంలో ఎదుటివాడి నోట తన ఊఁ లాంటిది విన్నది అదే మొదలు. ఆ కమ్మరి అంగడి దిక్కు మళ్లీ పోలేదు.

సంగతి మేడమీదికి కూడా పాకింది. నరసింహమూర్తి మెట్లు దిగి వచ్చి, తన తాళాల గుత్తికున్న ఎర్రపిడి విదేశీచాకు చూపించాడు. వేలెడుంది. అందులో అలుగు, కత్తెర, ఆకురాయి, చిన్న చిమ్టా, పళ్లు కుట్టుకునే పుల్ల.

"మీకు నచ్చితే ఇలాంటిదే తెప్పిస్తానండి బుచ్చయ్య గారూ. మా బావమరిదితో చెప్తే చాలు" అన్నాడు ఆయన.

బుచ్చయ్య కత్తెరను విప్పి మూశాడు. పుల్లను లాగి మళ్లీ గుచ్చాడు. చిమ్టా మాత్రం కొంచెంసేపు పట్టుకున్నాడు, దాని మొనలు బాగా కలిశాయి. ఆ మాట ఒప్పుకోవడం ఇష్టంలేక, "చేసినోడు నాలుక గీసుకునేది మర్చిపోయిండు పాపం" అని తిరిగి బల్లమీద పెట్టాడు. ఇంతకీ ఆయనకు కడుపు మండింది చాకును చూసి కాదు. ఆ రింగుకు నాలుగు తాళంచెవులున్నాయి. తన ఇంటికి కిరాయికి వచ్చినవాడికి, గేటు చెవితో కలిపి నాలుగు.

చివరికి చాకు దొరికింది పాతూరి వీధిలో, గొడుగు కింద కూర్చుని తాళాలు బాగుచేసే ముసలాయన దగ్గర. రేకుడబ్బాలో పాత చెవుల మధ్య పడి ఉంది. ఇత్తడి చెక్కలు, ఒక్కటే అలుగు, చిటికెన వేలంత. బుచ్చయ్య గోరు గాడిలో పెట్టి లాగాడు. మొండికేసి, సగంలో ఒప్పుకుని, టక్కున తెరుచుకుంది. మూస్తే అంతే గట్టిగా మూసుకుంది. జేబులో దానంతట అది నోరు తెరిచే రకం కాదు. బొటనగోటి మీద ఆనిస్తే జారలేదు, పట్టింది. బీడీకట్ట దారం తెంపాడు. జేబులోని దోరజామకాయను చీల్చి ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు, ఇంకో ముక్క ముసలాయనకిచ్చాడు. బుచ్చయ్య ఒక వస్తువును మెచ్చుకునే పద్ధతి అదే, మాట ఉండదు.

ముసలాయన చాకు కొసకు రింగు తొడిగి, చేయి చాచాడు. "చాబీలు తియ్యి, ఎక్కిస్త."

బుచ్చయ్య తడుముకుని సందూక తాళంచెవి తీశాడు. ముసలాయన దాన్ని అటూ ఇటూ తిప్పి, ఈ చెవికి తాళం ఇంకా ఉందా అని అడిగాడు. ఉందన్నాడు బుచ్చయ్య. చాకు కొనడానికి వచ్చి అబద్ధం కూడా ఆడాల్సి వచ్చిందని దారిపొడుగునా చాకు మీదే కోపం తెచ్చుకున్నాడు.

మరునాటి నుంచి ఆ రింగు ఇంట్లో టీవీ ముందు వెలిసింది. పొద్దున పెట్టేవాడు, మధ్యాహ్నం సంతోషి చెప్పులేసుకునే వేళకు గలగలమనిపిస్తూ తీసి జేబులో వేసుకునేవాడు. సంతోషి బల్ల తుడిచేటప్పుడు దాన్ని ఎత్తి, కింద తుడిచి, ఎక్కడిదక్కడ పెట్టేది. రింగుకు ఒక్క ముసలిచెవి వేలాడటం చూసేది. పక్కింటామెతో మాత్రం, మా మామ చాకు కొన్నడు, ఇగ ఊరంత బందోబస్తే అనేది. ఆమెకూ పంతం ఉంది. పదిమందిలో ఒడిలో విసిరిన మాట రెండేళ్లయినా ఒడిలోనే ఉంది. ఆయన అడగాలి. ఆయనేమో ఆమెకే తెలియాలంటాడు. మధ్యలో శివశంకర్‌కు ఏమీ తెలియదు. తెలియకపోవడం అతనికి చిన్నప్పటి నుంచీ అలవాటు.

ఆ పంతం తెగింది ఒక ముసురు రోజున. జంగయ్య చుట్టాలింట్లో చావుకని మంఖాల్ పోయాడు, దుకాణం మూసి ఉంది. సంతోషి అప్పటికే తలుపు లాగి వెళ్లిపోయింది. బుచ్చయ్య గోనెసంచిని కొప్పెర చేసి నెత్తిన కప్పుకుని, టిఫిన్ డబ్బాతో మూసిన దుకాణం ముందు కాసేపు నిలబడి తిరిగొచ్చాడు. తన ఇంటి సజ్జ కింద నిలబడ్డాడు. జల్లు ఏటవాలుగా కొడుతోంది. కుట్ల దగ్గర సలుపు. పైగా ఒంటికి పోవాలి. సందు అంతా ఎదురిళ్ల కిటికీలే. పైకి పోయి మూర్తిగారి తలుపు కొట్టవచ్చు. అట్లా కొట్టడం కంటే ధోతి తడుపుకోవడమే నయం.

తలుపు పక్క కిటికీకి ఇనుపచువ్వలున్నాయి, వాటి ముందు దోమలు రాకుండా నైలాన్ జాలీ. ఆ జాలీ కొట్టించిన నాడే ఆయన, దోమకు భయపడి బోనుల దూరిన్రు అన్నాడు. ఇప్పుడు అటూ ఇటూ చూసి, ఇత్తడిచాకు తీశాడు. మొన గుచ్చి మూడువైపులా కోశాడు, నాలుగోవైపు వదిలాడు. ఎంత తిన్నగా కోశాడంటే, మేకతోలు ఒలిచినప్పుడు కూడా అంత తిన్నగా రాలేదెప్పుడూ. చువ్వల మధ్య నుంచి చెయ్యి దూర్చి, పక్కకు వంచి, తలుపు లోపలి మర తిప్పాడు. ఇంత పేరున్న తాళం కుయ్యిమనకుండా తెరుచుకుంది. "ఊఁ" అన్నాడు తాళాన్ని చూసి. లోపలికి పోయి, పోవలసిన చోటికి మొదట పోయి, తర్వాత మంచం మీద వాలాడు.

అదే సమయానికి నరసింహమూర్తి మెట్ల కిటికీలోంచి చూశాడు. ఆయనకు కనబడింది ఒక గోనెకొప్పెర, చాకు పట్టిన చెయ్యి, తెరుచుకున్న తలుపు. మెత్తనివాడే గాని బాధ్యత ఉన్నవాడు. మునివేళ్ల మీద దిగివచ్చి, తలుపు బయటి గడియ వేసేశాడు. "ఎవరండీ లోపల?" అని మర్యాదగా రెండుసార్లు అడిగాడు. గురక తప్ప జవాబు లేకపోయేసరికి, ఇంతకన్నా తెగించిన దొంగ ఉండడని హడలిపోయి సంతోషికి ఫోన్ చేశాడు.

సంతోషి డ్యూటీ మధ్యలోంచి ఆటోలో వచ్చింది. తలకు పెట్టుకునే జాలీ టోపీ కూడా తీయలేదు. అప్పటికి సందులో గొడుగులు గుమిగూడాయి, ఒకరి చేతిలో రోకలి కూడా ఉంది. సంతోషి తాళం తీశాక నలుగురూ కలిసి గడియ లాగి తలుపు తోస్తే, మంచం మీద దొంగ వెల్లకిలా పడుకుని ఉన్నాడు. టిఫిన్ డబ్బా తల దగ్గర, గోనెసంచి దండెం మీద చక్కగా ఆరేసి ఉంది. రోకలి పట్టుకొచ్చినామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మిగతావాళ్లకు ఆ పాటి సిగ్గు కూడా లేదు, పగలబడి నవ్వారు. నరసింహమూర్తి ఒక్కడే నవ్వలేదు.

"క్షమించాలి బుచ్చయ్య గారూ. మీరని నిజంగా తెలియలేదండి."

బుచ్చయ్య లేచి కూర్చున్నాడు. సొంతింట్లో తాను దొంగ అయిన సంగతి ఆయనకు కొంచెం కొంచెంగా అందింది. తల పక్కకు వంచి అందరి నోళ్లూ చూశాడు. ఊఁ అందామనుకున్నాడు, రాలేదు.

సంతోషి అందరినీ పంపించింది. తెగిన జాలీ రెక్కను వేలితో ఎత్తి చూసి వదిలింది.

"దీన్ని కోసే బదులు నన్ను ఒక్క మాట అడిగితే ఏం పోయేది మామా?"

"నా ఇంటికి చాబీ నిన్ను అడుక్కోవాల్నా?"

"చాబీ నా ఒళ్లె కొట్టింది నువ్వే. ఆ మాట నీది. నేనెట్ల వాపసు తీసుకుంట?"

ఆమె గొంతు పెంచలేదు. అదే ఆయనకు ఇబ్బంది అయింది. అరిస్తే పక్కకు చూసి ఊరుకునేవాడు. బయట జల్లు ఇంకా కొడుతోంది, కోసిన జాలీలోంచి తుంపర లోపలికి పడుతోంది. ఆయన చూపు ఆ తడి మీద పడింది.

"తడిస్తే కుక్క గూడ గడపకాడికొస్తది" అన్నాడు. "నాకు కుట్లు గుంజుతున్నయ్. టైర్ల మీద కూసోవస్తలేదు. చాబీ ఇయ్యి."

కుక్క అన్నది తననేనని ఇద్దరికీ తెలుసు. గృహప్రవేశం నాటి మాటను ఆయన మింగిన తీరు అది, అందులోనూ ఎవరినో ఒకరిని చిన్నబుచ్చకుండా మింగలేకపోయాడు. దొరికినవాడు తనే.

సంతోషి సంచి తెరిచింది. చెవి అందులోనే ఉంది. ఆయన దవాఖాన నుంచి వచ్చిన నాటి నుంచీ దాన్ని వెంట పెట్టుకునే తిరుగుతోంది, ఆ పసుప్పచ్చ బిళ్లతో సహా. అడిగిన పూట ఇద్దామని. బిళ్ల ఊడదీసి తన సంచిలోనే వేసుకుంది. చెవిని చేతికి ఇవ్వలేదు, మంచం ముందు నేలమీద పెట్టింది. బుచ్చయ్య వంగబోయి, కుట్లు గుర్తొచ్చి ఆగాడు. ఆమె మళ్లీ తీసి ఈసారి చేతికే ఇచ్చింది.

ఆయన జేబులోంచి రింగు తీసి ఎక్కించబోయాడు. ఉక్కురింగు, గోటికి లొంగలేదు. దాన్ని విడదీయడానికి చాకుమొన కావాలి, ఆ చాకేమో ఆ రింగుకే వేలాడుతోంది. తిప్పిన కొద్దీ చాకు వచ్చి వేళ్లకు అడ్డం పడింది. సంతోషి కాసేపు చూసి, గాజుకు తగిలించిన పిన్నీసు తీసింది. రింగు లాక్కుని, పిన్నీసు మొన దూర్చి సందు చేసి, చెవిని సందూక చెవి పక్కకు తోసింది.

"గీ చాకు కోసం శంషాబాదంత తిరిగిన" అన్నాడు బుచ్చయ్య, పిన్నీసు వంక చూస్తూ. "దానికంటె గదే నయం."

"కావాల్నా మామా?" అని అడిగి, పిన్నీసును గాజుకే తగిలించుకుంది.

మరునాడు మధ్యాహ్నం దాకా బుచ్చయ్య మంచం మీదే పడుకున్నాడు. ఎండ కాసింది. ఊరికే అటు పోయి వద్దామనిపించి జంగయ్య దుకాణానికి బయల్దేరాడు. తలుపు లాగాడు, తాళం పడింది. భుజంతో తోసి చూశాడు. గేటు దాకా పోయి వెనక్కొచ్చి మళ్లీ తోశాడు. తెగిన జాలీ రెక్కను లోపలికి నొక్కి, గాలికి లేస్తుందేమోనని ఒక పుల్ల గుచ్చాడు.

పైన బాల్కనీలో బట్టలు ఆరేస్తున్న నరసింహమూర్తి అంతా చూశాడు.

"తాళం సరిగ్గా పడిందాండీ బుచ్చయ్య గారూ?"

బుచ్చయ్య తల పక్కకు వంచి పైకి చూశాడు. ఈసారి వచ్చింది, "ఊఁ".